బెంగాల్ బోరింగు నీళ్లు తాగి వచ్చారా? ఆర్సెనిక్ లెక్క రాసుకునే పద్ధతి

పశ్చిమ బెంగాల్‌కో బీహార్‌కో ఉద్యోగం మీద వెళ్లి, ఏళ్ల తరబడి అక్కడి బోరింగు నీళ్లు తాగి, తిరిగి విశాఖ చేరిన కుటుంబాలు మన చుట్టూ చాలానే ఉన్నాయి. రైల్వే వాళ్లు, రోడ్డు కాంట్రాక్టుల సూపర్‌వైజర్లు, మిలటరీలో చేసి వచ్చినవాళ్లు, బ్యాంకు బదిలీల వాళ్లు. అటునుంచి పని కోసం వచ్చి గాజువాక, పెదగంట్యాడ వైపు ఉండిపోయిన బెంగాలీలు, బీహారీలు సరేసరి. ఆ ప్రాంతాల బోరింగు నీళ్లలో చాలాచోట్ల ఆర్సెనిక్ అనే విషం నేలలోంచి కలుస్తుంది, ఏళ్ల తరబడి తాగితే క్యాన్సర్ తెచ్చే రకం. ఇది ముందుగా వాళ్ల కోసం రాస్తున్నాను. ఇంట్లో బోరు నీళ్లే తాగుతూ, మన నీళ్లలో ఏముందోనని టెన్షన్ పడే విశాఖ వాళ్లకూ మధ్యలో కొంత పనికొస్తుంది.

నేను నీటి పరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. డాక్టర్ని కాను. శాంపిల్ సంగతి, రిపోర్టు సంగతి నా సొంత పని కాబట్టి ధీమాగా చెబుతాను. జబ్బు దగ్గరికొచ్చేసరికి డాక్టర్ని ఏమడగాలో మాత్రం చెప్పి ఊరుకుంటాను.

మా ఆడపడుచు వాళ్లు ముర్షిదాబాద్ జిల్లాలో పద్నాలుగేళ్లు ఉన్నారు. పెరట్లో బోరింగు, చల్లటి తేటనీళ్లు. మా మేనల్లుడు అక్కడే పుట్టాడు. ఇప్పుడు మర్రిపాలెంలో కొళాయి నీళ్లు తాగుతున్నారు. ఆమె నన్నడిగిన ప్రశ్న ఒక్కటే: “వదినా, ఆ నీళ్లు మానేసి పదేళ్లు దాటింది కదా, ఇంకా భయమేంటి?”

ఆ ప్రశ్నకు జవాబు చిలీ దేశంలో ఉంది. అక్కడ ఆంటోఫగాస్టా అనే ఊరు ఎడారిలో ఉంటుంది. 1958లో కొండల నుంచి కొత్త నది నీళ్లు తెచ్చి ఊరికి ఇచ్చారు. ఆ నీళ్లలో లీటరుకు 800 మైక్రోగ్రాములకు పైగా ఆర్సెనిక్ ఉంది (మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు; ఇప్పుడు తాగే నీళ్లకు హద్దు 10). 1970లో శుద్ధి ప్లాంటు పెట్టాక ఒక్కసారిగా తగ్గిపోయింది. అంటే ఆ ఊరు బాగా ఎక్కువ మోతాదులో తాగింది పన్నెండేళ్లే. కానీ ఊపిరితిత్తుల క్యాన్సర్, మూత్రాశయ క్యాన్సర్ మరణాలు 1970 తర్వాత కూడా పెరుగుతూనే పోయి, 1990ల తొలినాళ్లకు ఊపిరితిత్తులవి మామూలు కంటే మూడు రెట్లు దాటాయి, మూత్రాశయానివి అంతకంటే ఎక్కువ రెట్లయ్యాయి. నీళ్లు బాగుపడిన నలభై ఏళ్లకు కూడా ఆ రెండు క్యాన్సర్లూ అక్కడ ఎక్కువగానే కనిపించాయి. కడుపులో ఉన్నప్పుడు, పసితనంలో ఆ నీళ్లు తాగినవాళ్లు నడివయసుకు ముందే ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోవడం కూడా అక్కడే బయటపడింది.

కాబట్టి మానేశాం కదా అని మర్చిపోవడం కుదరదు. అలాగని పడుకుని ఏడవాల్సిన పనీ లేదు. బంగ్లాదేశ్‌లో అరైహజార్ ప్రాంతంలో 2000 సంవత్సరం నుంచి వేలమందిని వెంబడించి చూస్తున్నారు. మంచి నీళ్లకు మారి, మూత్రంలో ఆర్సెనిక్ తగ్గినవాళ్లలో మరణాల ముప్పు కూడా తగ్గింది. మానేయడం వల్ల లాభం ఉంది. పాత బాకీ మాత్రం మెల్లగా తీరుతుంది. ఆ బాకీ ఎంతో తెలియాలంటే ముందు కాగితం మీద పెట్టాలి.

లెక్క రాయడం

ఒక నోటుపుస్తకం తీసుకోండి. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. ఇంటి మొత్తానికి కలిపి ఒకే పేజీ రాస్తే ఉపయోగం లేదు, ఎందుకంటే ఒకే బోరింగు నీళ్లు తాగినా ఒకరి లెక్క ఇంకొకరిది కాదు.

ఏ ఊళ్లో, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు ఉన్నారు. ఆ నీళ్లు చేతి బోరింగువా, మోటారు బోరువా, మునిసిపాలిటీవా, నూతివా. బోరింగు లోతు ఎంత, అంటే ఎన్ని పైపులు దింపారో గుర్తుంటే అది. రోజుకు సుమారు ఎన్ని లీటర్లు తాగేవారు. వంట కూడా ఆ నీళ్లతోనేనా. అప్పటికి మీ వయసెంత. ఆడవాళ్లయితే ఆ ఏళ్లలో కడుపుతో ఉన్నారా. చుట్ట, బీడీ, సిగరెట్ ఉన్నాయా.

లోతు ఎందుకు అడుగుతున్నానంటే, గంగ మైదానంలో ఎక్కువ ఆర్సెనిక్ దొరికేది పైపొరల్లో వేసిన బోరింగుల్లోనే. బాగా లోతుకు, నూట యాభై మీటర్ల కిందికి దింపినవాటిలో చాలావరకు తక్కువ ఉంటుంది. విచిత్రమేంటంటే పాతకాలపు నేలనూతుల్లో కూడా తక్కువే. నూతి నీళ్లకు గాలి తగులుతుంది, దాంతో ఇనుము తుప్పై అడుగున దిగుతూ ఆర్సెనిక్‌ను కూడా తనతో లాక్కుపోతుంది. 1970ల నుంచి బంగ్లాదేశ్‌లో లక్షల కొద్దీ బోరింగులు వేయించింది చెరువు నీళ్ల వల్ల వచ్చే విరేచనాలు, కలరా తగ్గించడానికి. అవి తగ్గాయి కూడా. ఆ నీళ్లలో ఆర్సెనిక్ ఉందన్న సంగతి మాత్రం అక్కడ 1990ల దాకా ఎవరికీ పట్టలేదు. మన దేశంలో అయితే కలకత్తాలో చర్మవ్యాధుల డాక్టర్ కె. సి. సాహా 1980ల మొదట్లోనే బెంగాల్ పల్లెల నుంచి వచ్చిన రోగుల చేతులు చూసి పట్టుకున్నారు.

ఇక అంకె. లీటరు నీళ్లలో ఎన్ని మైక్రోగ్రాములో దాన్ని తాగిన సంవత్సరాలతో గుణించండి. మా ఆడపడుచు వాళ్ల బోరింగులో 90 అనుకుంటే, 90 ఇంటూ 14, మొత్తం 1260. పరిశోధకులు కూడా ఇలాంటి లెక్కే వాడతారు. ఈ అంకె దాటితే క్యాన్సర్, దాటకపోతే లేదు అనే గీత ఎక్కడా లేదు. కానీ 1260 అని రాసుకొచ్చిన మనిషికీ, “ఏదో బెంగాల్‌లో నీళ్లు బాగుండేవి కావండీ” అనే మనిషికీ డాక్టర్ ఇచ్చే టైములో తేడా ఉంటుంది. అది నేను కళ్లారా చూశాను.

రోజుకు ఎన్ని లీటర్లన్నది ఎవరూ సరిగ్గా చెప్పరు. ఎండలో సైటు మీద నిలబడే మా అన్నయ్యగారు, అంటే మా ఆడపడుచు భర్త, నాలుగైదు లీటర్లు తాగేవారు. ఇంట్లో ఉండే ఆమె రెండు లీటర్లకు మించి తాగి ఉండదు. 90 చొప్పున నాలుగు లీటర్లంటే రోజుకు 360 మైక్రోగ్రాములు, రెండు లీటర్లంటే 180. పేజీలు విడిగా ఉండాలన్నది అందుకే.

ముప్పు ఎంత అంటే ఒక అందాజు కోసం: లీటరుకు 10 మైక్రోగ్రాముల ఆర్సెనిక్ ఉన్న నీళ్లు జీవితాంతం తాగితే ఊపిరితిత్తులు, మూత్రాశయం రెండూ కలిపి వెయ్యిమందిలో ముగ్గురికి పైగా అదనంగా క్యాన్సర్ రావచ్చని 2001లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి లెక్కకట్టింది. 50 దగ్గర మొత్తం క్యాన్సర్ ముప్పు నూటికి ఒకరి దాకా ఉండొచ్చని అంతకు రెండేళ్ల ముందు అదే మండలి చెప్పింది. ఇవి అదనపు ముప్పు అంకెలు. నూటికి తొంభైతొమ్మిది మందికి దాని వల్ల రాదనే అర్థం కూడా అందులో ఉంది. మా అన్నయ్యగారు ఈ రెండో సగం మాత్రమే విన్నారనుకోండి!

అక్కడి నీళ్లు ఇప్పుడు పరీక్ష చేయించడం

పాత రిపోర్టు చేతిలో లేనివాళ్లే నూటికి తొంభైమంది. ఆ బోరింగు ఇంకా ఉంటే, అక్కడి పాత ఇరుగుపొరుగుకో, స్నేహితుడికో ఫోన్ చేసి శాంపిల్ తెప్పించుకోండి. ఇప్పటి అంకె అప్పటిదానికి సుమారుగా పనికొస్తుంది. బోరింగు తీసేసి ఉంటే పక్కింటి బోరింగు అంకెను దీనికి అంటగట్టకండి. పది గజాల తేడాలో ఒకటి 5, ఒకటి 200 చూపించడం ఆ నేలల్లో మామూలే. అలాంటప్పుడు ‘తెలియదు’ అని రాసి, ఆ బ్లాకు పేరు రాయండి. కేంద్ర భూగర్భ జల బోర్డు ఆర్సెనిక్ ఉన్న జిల్లాలు, బ్లాకుల వివరాలు ప్రచురించింది. మీ బ్లాకు అందులో ఉందో లేదో చూసి అదీ పక్కన రాయండి.

శాంపిల్ తీసే మనిషికి ఇలా చెప్పండి. కొత్త ప్లాస్టిక్ సీసా తీసుకోవాలి. కూల్‌డ్రింకు సీసా వద్దు. బోరింగు కొన్ని నిమిషాలు కొట్టి, పైపులో నిల్వ ఉన్న నీళ్లు పోయాక పట్టాలి. అదే నీళ్లతో సీసా రెండు మూడుసార్లు కడిగి, అంచుదాకా నింపి, మూత బిగించి, ఊరు, తేదీ, బోరింగు గుర్తు రాసి అంటించాలి. యాసిడ్ ఎవరినీ వేయమనకండి, అది ల్యాబ్ వాళ్ల పని. వాళ్ల దగ్గరే నైట్రిక్ యాసిడ్ చుక్కలు వేసిన సీసా దొరికితే అది పంపడం అన్నిటికంటే మంచిది.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. బెంగాల్ బోరింగు నీళ్లలో ఇనుము ఎక్కువ. సీసా విశాఖ చేరేసరికి అడుగున తుప్పు రంగు మడ్డి దిగుతుంది. మురికి అనుకుని పైన తేటనీళ్లు మాత్రం వేరే సీసాలోకి వంపి ల్యాబ్‌కి ఇస్తారు. ఆర్సెనిక్‌లో చాలా భాగం ఆ మడ్డితోనే కిందికి పోయి ఉంటుంది. తేట నీళ్లు పరీక్షిస్తే రిపోర్టు ముద్దుగా వస్తుంది. మడ్డి పారబోయకుండా సీసా సీసాగా ఇచ్చి, ‘యాసిడ్ వేయకుండా వచ్చింది, మడ్డి దిగింది’ అని రాసివ్వండి. వాళ్లు అదే సీసాలో యాసిడ్ వేసి, మడ్డి కరిగేదాకా ఉంచి, అప్పుడు చేస్తారు.

ల్యాబ్‌లో అడగాల్సినవి రెండే. ఆర్సెనిక్ ఏ పద్ధతిలో చేస్తారు, ఎంత తక్కువ దాకా పట్టుకోగలరు. ఐసీపీ-ఎంఎస్ అన్నా, హైడ్రైడ్ జనరేషన్‌తో ఏఏఎస్ అన్నా బాగానే ఉంటుంది, ఇవి మెషీన్‌తో కొలిచే పద్ధతుల పేర్లు. కాగితం ముక్క పసుపు నుంచి గోధుమ రంగుకు తిరిగే కిట్లు కూడా ఉన్నాయి. ఊరంతా చకచకా జల్లెడ పట్టడానికి అవి సరే, మన పేజీలో రాసే అంకె కోసం మాత్రం వాటిని నమ్మను. ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్ అయితే, ఆ గుర్తింపు ఆర్సెనిక్ పరీక్షకు కూడా ఉందా అని అడగండి. ఒక్కో పరీక్షకు విడివిడిగా ఇస్తారు. జల్ జీవన్ మిషన్ కింద ప్రభుత్వ నీటి ల్యాబులు మామూలు జనం దగ్గర నుంచి కూడా తక్కువ ఫీజుకు శాంపిళ్లు తీసుకుంటాయి. ఆర్సెనిక్ చేస్తారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

రిపోర్టు చదివేటప్పుడు అంకె కంటే ముందు యూనిట్ చూడండి. 0.01 మిల్లీగ్రాములు, 10 మైక్రోగ్రాములు ఒకటే. 0.09 అని చూసి ‘చాలా తక్కువ’ అనుకున్నవాళ్లు నా దగ్గరికి వచ్చారు. అది 90, హద్దుకు తొమ్మిది రెట్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993 నుంచి చెబుతున్న హద్దు 10 మైక్రోగ్రాములు, మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 కూడా అదే. అంతకు ముందు చాలా దేశాల్లో 50 ఉండేది, అందుకే పాత రిపోర్టుల్లో 40 వచ్చినా ‘తాగవచ్చు’ అని ముద్ర ఉంటుంది. ముద్ర వదిలేసి అంకె రాసుకోండి. 10 అన్నది కూడా ముప్పు సున్నా అయ్యే చోటు కాదు. కొలవగలిగే, శుద్ధి చేయగలిగే స్థోమత చూసి పెట్టుకున్న హద్దు.

ఇంకో మోసకారి మాట ‘బీడీఎల్’. కనిపెట్టగల హద్దు కంటే తక్కువ అని. ఆ హద్దు 1 మైక్రోగ్రాము అయితే సంతోషం. 50 అయితే ఆ రిపోర్టు వల్ల మీకు తెలిసింది ఏమీ లేదు.

మన విశాఖ నీళ్ల సంగతి

గంగ మైదానంలో ఆర్సెనిక్ ఎందుకుందంటే, హిమాలయాల నుంచి కొట్టుకొచ్చిన లేత ఒండ్రులో అది ఇనుప తుప్పుకు అంటుకుని ఉంటుంది. గాలి తగలని లోతుల్లో, కుళ్లిన ఆకు అలముతో బతికే సూక్ష్మజీవులు ఆ తుప్పును కరిగిస్తే ఆర్సెనిక్ నీళ్లలోకి విడుదలవుతుంది. మన నేల అలాంటిది కాదు, ఖొండలైటు, చార్నకైటు రాళ్లది. ఇక్కడి బోరుల్లో మామూలుగా తగిలేవి కఠినత్వం, నైట్రేట్, సముద్రం వైపు ఉప్పదనం, కొన్ని చోట్ల ఫ్లోరైడ్. కొళాయి నీళ్లు మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి, ఏలేరు లాంటి జలాశయాల నుంచి వచ్చే నీళ్లు, భూగర్భంలోవి కావు. వాటిలో ఆర్సెనిక్ గురించి నేను నిద్ర పోగొట్టుకోను.

ఫ్యాక్టరీల చుట్టుపక్కల ఉంటూ బోరు నీళ్లే తాగేవాళ్లయితే ఒక్కసారి ఆర్సెనిక్, సీసం, కాడ్మియం కలిపి చేయించుకుని ఊరుకోండి. భయంతో ప్రతి ఏడాదీ అక్కర్లేదు. ఉద్దానం కిడ్నీ జబ్బును దీనితో ముడిపెట్టే వాట్సాప్ మెసేజ్‌లను కూడా నమ్మకండి.

మెషీన్లు అమ్మేవాళ్లు

అపార్ట్‌మెంట్ గేటు దగ్గర టేబుల్ వేసి, గ్లాసు నీళ్లలో రెండు కడ్డీలు ముంచి కరెంటు పెడతారు. నీళ్లు గోధుమ రంగుకు తిరిగి మడ్డి కడతాయి. ‘చూశారా మేడం, మీరు తాగేది ఇదీ’ అంటారు. ఆ మడ్డి నీళ్లలోది కాదు, కడ్డీలోని ఇనుము కరిగి వచ్చిన తుప్పు. ఉప్పులు ఉన్న నీళ్లలో కరెంటు పారుతుంది, ఆర్‌ఓ నీళ్లలో పారదు. అంతే కిటుకు.

నీళ్లలో కరిగిన మొత్తం ఉప్పులను చూపే టీడీఎస్ మీటరు, వాళ్ల చేతిలో ఉండేది, అది కూడా ఆర్సెనిక్‌ను చూపలేదు. 500 టీడీఎస్ అంటే లీటరులో ఐదు లక్షల మైక్రోగ్రాముల ఉప్పులు. అందులో 10 మైక్రోగ్రాముల ఆర్సెనిక్ ఉందా లేదా అని ఆ మీటరును అడగడం జాతరలో తప్పిపోయిన పిల్లాడిని జనాభా లెక్కల్లో వెతకడం లాంటిది.

నీళ్లు కాచితే ఆర్సెనిక్ పోదు. ఆవిరై నీళ్లు తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు, యూవీ, మామూలు బొగ్గు ఫిల్టరు నమ్ముకోవద్దు. పనిచేసేవి ఇనుప ఆక్సైడు పొడి వాడే ఫిల్టర్లు, యాక్టివేటెడ్ అల్యూమినా, ఆర్‌ఓ. ఇందులో ఆర్‌ఓకు ఒక మెలిక ఉంది. నీళ్లలో ఆర్సెనిక్ రెండు రూపాల్లో ఉంటుంది. ఆర్సెనేట్‌ను ఆర్‌ఓ బాగా ఆపుతుంది. గాలి తగలని లోతు నీళ్లలో ఎక్కువుండే ఆర్సెనైట్‌కు విద్యుదావేశం ఉండదు, కొంత దాటిపోతుంది. ముందుగా ట్యాంకులో క్లోరిన్ వేసి అరగంట ఆగితే అది ఆర్సెనేట్‌గా మారుతుంది. ఇంకా ఆ ప్రాంతాల్లోనే ఉన్న మీ చుట్టాలకు ఇది చెప్పండి. ఫిల్టరు పెట్టిన నెలకు ఒకసారి, తర్వాత అప్పుడప్పుడూ, బయటికొచ్చే నీళ్లు పరీక్ష చేయించమనండి. మెషీన్ మీద లైటు వెలుగుతోందంటే ఆర్సెనిక్ ఆగుతోందని కాదు.

అసలు ఫిల్టరు కంటే నీళ్లు మార్చుకోవడమే తేలిక. వాన నీళ్లు, పైపు పథకం నీళ్లు, పరీక్షలో బాగా తేలిన పక్క వీధి బోరింగు. బంగ్లాదేశ్‌లో ఎర్ర రంగు పూసినవి తాగకూడదనీ, ఆకుపచ్చవి తాగవచ్చనీ గుర్తులు పెట్టారు. ఎర్ర బోరింగుతో స్నానం చేయొచ్చు, బట్టలు ఉతకొచ్చు. చర్మం గుండా లోపలికి పోయేది లెక్కలోకి రాదు. తాగడం, వండడం రెండే మానాలి.

వంట అన్నాను కాబట్టి అన్నం సంగతి. వరి నేలలోని ఆర్సెనిక్‌ను మిగతా పంటల కంటే ఎక్కువగా పీలుస్తుంది. చెడ్డ నీళ్లతో కుక్కర్లో వండితే నీళ్లలోదంతా అన్నంలోకే చేరుతుంది. మంచి నీళ్లు ఎక్కువ పోసి ఉడికించి గంజి వార్చేస్తే, బియ్యంలోదే సగం దాకా గంజితో పోతుంది. మా అత్తగారు వార్చేవారు. మేమంతా కుక్కర్లకు వచ్చాక ఆ పని పోయింది. గంజిలో కొన్ని విటమిన్లు కూడా పోతాయి, కాబట్టి విశాఖలో మంచి నీళ్లు తాగుతూ మన బియ్యం తినేవాళ్లు దీనికోసం కుక్కర్ మానేయనక్కర్లేదు. లెక్క పెద్దగా ఉన్నవాళ్లు, ఇంట్లో చంటిపిల్లలు ఉన్నవాళ్లు వార్చుకుంటే మంచిది.

ఒంటి మీద చూసుకోవాల్సినవి

ఇక్కడ మన వాడుక మాటలే మనకు అడ్డం. అరచేతుల్లో, అరికాళ్లలో గట్టి బొడిపెలు లేస్తే ‘ఆనెకాయలు’ అంటాం. ఛాతీ, వీపు మీద వానచినుకులు పడ్డట్టు తెల్ల చుక్కలు, నల్ల చుక్కలు కలిసి ఉంటే ‘శోభి’ అని పూత రాస్తాం. మూత్రంలో ఎరుపు కనిపిస్తే ‘వేడి చేసింది, బార్లీ తాగు’ అంటాం. పొడి దగ్గు తగ్గకపోతే సిరప్పు మారుస్తాం. అలాంటి నీళ్లు తాగని మనిషికి వీటిలో చాలావరకు నిజంగా అవే. బెంగాల్ పేజీ ఉన్న మనిషికి అలా కొట్టిపారేయకూడదు.

ఆనెకాయ చెప్పు ఒత్తుకునే చోట, ఒకటో రెండో వస్తుంది. ఆర్సెనిక్ బొడిపెలు రెండు చేతులకూ, రెండు కాళ్లకూ, రాపిడి లేని చోట కూడా, చిన్నచిన్నవి చాలా వస్తాయి. నిమిరితే చేతికి గరగరలాడతాయి. ఇవి తాగడం మొదలుపెట్టిన కొన్నేళ్ల తర్వాత కనిపిస్తాయి. ఇవే క్యాన్సర్ కాదు. వీటిలో ఏదైనా పెద్దదై, పగిలి, మానని పుండైతే అప్పుడు తొందరపడాలి. ఎండ తగిలే ముఖం మీద కాకుండా నడుము, తొడ, వీపు లాంటి బట్టల చాటున ఎర్రగా పొలుసు కట్టి, తామర మందుకు లొంగని మచ్చ ఉంటే అది కూడా చూపించాలి. ఏడాదికోసారి చర్మ డాక్టర్ దగ్గర ఒళ్లంతా చూపించుకోవడానికి సిగ్గుపడకండి. కేజీహెచ్‌లో (విశాఖ కింగ్ జార్జ్ ఆస్పత్రి) చర్మవ్యాధుల ఓపీకి వెళ్లేటప్పుడు మీ పేజీ జిరాక్స్ పట్టుకెళ్లండి.

మూత్రంలో రక్తం గురించి గట్టిగా చెబుతాను. నొప్పి లేకుండా, ఒకేసారి కనిపించి, మర్నాటికి తేటపడినా సరే, యూరాలజిస్టును కలవండి. నొప్పి లేదు కదా అని వదిలేయడమే ఇందులో ప్రమాదం. శరీరంలోకి వచ్చిన ఆర్సెనిక్‌లో ఎక్కువ భాగం కాలేయంలో రూపు మారి మూత్రం గుండానే పోతుంది, అందుకే మూత్రాశయం మీద ఆ దెబ్బ. ఏమీ కనిపించకపోయినా ఎంత కాలానికోసారి మూత్ర పరీక్ష చేయించుకోవాలో డాక్టర్ని అడిగి పేజీలో రాయించుకోండి. మూడు వారాలు దాటిన దగ్గు, కఫంలో రక్తం ఉంటే టీబీ పరీక్ష ఎలాగూ చేస్తారు. అది లేదని తేలాక ‘పోనీలే’ అనుకోకుండా ఛాతీ సంగతి ఇంకా చూడమని మీరే అడగాలి.

ఊపిరితిత్తులు, మూత్రాశయం, చర్మం. ఈ మూడింటికీ ఆర్సెనిక్ నీళ్లు క్యాన్సర్ తెస్తాయని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఖాయం చేసింది. కిడ్నీ, కాలేయం, ప్రోస్టేట్‌తో కూడా సంబంధం కనిపించింది. క్యాన్సర్ అనుమానం నిజంగా వస్తే మనకు దూరాలు తిరగాల్సిన పని లేదు, అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా ఆస్పత్రి ఉంది.

రక్త పరీక్ష, మూత్ర పరీక్ష, చేపల కూర

‘ఒంట్లో ఆర్సెనిక్ ఎంతుందో టెస్ట్ చేయించుకుంటాం’ అని చాలామంది అడుగుతారు. పదేళ్ల కింద తాగినది ఇప్పుడు రక్తంలో దొరకదు. రక్తంలోంచి గంటల్లో పోతుంది, మూత్రంలోంచి కొన్ని రోజుల్లో. జుట్టు, గోళ్లు కొన్ని నెలల సంగతి మాత్రమే చెబుతాయి. కాబట్టి ఈ పరీక్షలు ఇప్పుడు కూడా తాగుతున్నారా లేదా అన్నదానికే. పాతదానికి నోటుపుస్తకమే పరీక్ష.

ఇప్పుడు చేయించుకునేవాళ్లకు విశాఖలో ఒక ప్రత్యేక సమస్య. చేపల్లో, రొయ్యల్లో, పీతల్లో హాని చేయని రకం ఆర్సెనిక్ చాలా ఉంటుంది. ఆదివారం వంజరం పులుసు తిని సోమవారం మూత్రం ఇస్తే అంకె ఆకాశంలో ఉంటుంది, ఇంట్లో అందరికీ బీపీ పెరుగుతుంది. పరీక్షకు ముందు నాలుగైదు రోజులు సముద్రపు తిండి మొత్తం మానాలి. ఎండుచేపలు, రొయ్యపొట్టు వేసిన కూర కూడా. ల్యాబ్‌ను ‘ఇనార్గానిక్ ఆర్సెనిక్ విడిగా చూపిస్తారా’ అని అడగండి. మొత్తం ఆర్సెనిక్ ఒక్కటే ఇచ్చే రిపోర్టు చేపలు తినే ఊళ్లో తికమక పెడుతుంది.

ఒంట్లోంచి విషం లాగేస్తాం అని డీటాక్స్ కషాయాలు, డ్రిప్పులు అమ్మేవాళ్లకు డబ్బు పెట్టకండి. ఏళ్ల కింద తాగి మానేసిన మనిషికి లాగడానికి ఒంట్లో ఏమీ మిగిలి ఉండదు. అది చేసిన చెరుపు కణాల్లో ఉంటుంది. ఆకుకూరలు, పప్పు, గుడ్డు తినడం మంచిదే. తిండి సరిగ్గా లేనివాళ్లకు ఆర్సెనిక్ ఎక్కువ హాని చేస్తుంది.

వీటన్నిటికంటే పెద్ద మందు పొగ మానడం. ఆర్సెనిక్, పొగాకు రెండూ కలిస్తే ఊపిరితిత్తుల ముప్పు రెండింటి కూడిక కంటే ఎక్కువవుతుంది. మన తీరంలో చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దమ్మలు ఇంకా ఉన్నారు. వాళ్లకు అంగిలి క్యాన్సర్ భయం ఎటూ ఉంది. మా అన్నయ్యగారు అడ్డపొగ కాదుగానీ బీడీ. తాగిన నీళ్లను వెనక్కి తీయలేం, రేపటి బీడీ కట్ట మాత్రం ఆయన చేతిలోదే. నేను చెబితే వినలేదు. పేజీలో ‘1260, బీడీ ఉంది’ అని ఆయన చేతే రాయించాక కొంత తగ్గించారు.

డాక్టర్‌కి ఇచ్చే కాగితం

నోటుపుస్తకం మొత్తం డాక్టర్ ముందు పెట్టకండి, చూడరు. ఐదారు వాక్యాల్లో ఒక కాగితం రాసి ఫైల్లో మొదటి పేజీగా పెట్టండి. మా మేనల్లుడికి నేను రాసిచ్చినది ఇది. పేర్లు, అంకెలు మార్చుకుని వాడుకోండి.

“ఇతని తల్లి గర్భంతో ఉన్నప్పటి నుంచి ఇతనికి తొమ్మిదేళ్లు వచ్చేవరకు పశ్చిమ బెంగాల్, ముర్షిదాబాద్ జిల్లాలో చేతి బోరింగు నీళ్లు తాగడానికీ వంటకీ వాడారు. ఆ బోరింగు నీటిలో ఆర్సెనిక్ లీటరుకు సుమారు 90 మైక్రోగ్రాములు, రిపోర్టు జత చేశాం. తర్వాత విశాఖపట్నంలో మునిసిపల్ నీళ్లు. పొగ అలవాటు లేదు. ప్రస్తుతం చర్మంపై మచ్చలు, బొడిపెలు లేవు, చివరిసారి చూపించిన తేదీ కింద ఉంది. దగ్గు, మూత్రంలో రక్తం, మానని పుండు ఎప్పుడు వచ్చినా ఈ సంగతి దృష్టిలో పెట్టుకోవాలని కోరుతున్నాం.”

చివరిసారి చూపించిన తేదీ పెన్సిల్‌తో రాయండి, ఏటా మారుతుంది. వాడికి ఇప్పుడు ఇరవై దాటలేదు కాబట్టి ఈ కాగితం వాళ్లమ్మ బీరువాలో కాకుండా వాడి ఫోన్‌లో కూడా ఫొటోగా ఉండాలి. చదువుకో ఉద్యోగానికో హైదరాబాద్ వెళ్లినా, రేపు ఏ ఊళ్లో ఏ డాక్టర్ దగ్గర కూర్చున్నా తీసి చూపించేలా.